వెలుతురు కొలిచే బెండ్లు

సముద్రంలో తమంతట తామే మునిగి, తేలి, నీళ్లలోకి వెలుతురు ఎంత లోతుకు దిగుతోందో, ఆ వెలుతురుతో ఎంత పచ్చదనం పుడుతోందో కొలిచి కబురు పంపే తేలుయంత్రాలు ఇప్పుడున్నాయి. వాటి మీద పనికి చేరబోతున్న అమ్మాయిలిద్దరు ఈమధ్య మా ఇంటికొచ్చి, "మీ రోజుల్లో ఏం వాడేవారు మేడమ్?" అనడిగారు. డాల్డా డబ్బాలు అన్నాను. మర్యాదగా నవ్వారు. నేను సరదాకి అన్నాననుకున్నారు.

సరదాకి కాదు. అది కూడా సముద్రంలో కాదు, సముద్రానికి ఎంతో దూరాన ఆదోని, ఎమ్మిగనూరు వైపు చెరువుల్లో. ఆ పూట వాళ్లకు టీ ఇచ్చి పంపేశాను గానీ, చెప్పవలసింది చెప్పలేదన్న వెలితి ఉండిపోయింది. అందుకే ఇది రాస్తున్నాను. ఏ ఏడు ఏ ప్రమోషన్ వచ్చింది, ఏ ఫైలు ఎక్కడ ఆగింది అన్నవి ఇందులో ఉండవు. అవి ప్రతి ఉద్యోగంలోనూ ఉంటాయి, ఎవరికీ ఏమీ నేర్పవు. నాకు పని నేర్పింది ఒక చెరువు, ఒక పై అధికారి, రెండు ముసుర్లు.

ఆదోని ఆర్డరు

మాది కాకినాడ. సముద్ర జీవశాస్త్రం చదివాను. డెబ్భయ్యో దశకం చివర్లో చేపల పెంపకం చూసే ప్రభుత్వోద్యోగం వస్తే ఏదో ఒక రేవు ఊళ్లో వేస్తారనుకున్నాను. ఆదోని అని వచ్చింది. పటం తీసి ఆదోని చుట్టూ ఎక్కడైనా నీలం రంగు ఉందేమోనని వెతికాను. పైన తుంగభద్ర సన్నటి గీతలా కనబడింది. అంతే.

రైలు దిగేసరికి స్టేషను బయట గాలిలో దూది పింజలు ఎగురుతున్నాయి. జిన్నింగు మిల్లుల నుంచి వచ్చేవి. అవి జుట్టులో చిక్కుకుంటే దులుపుకోవడం అలవాటవడానికే నాకు నెల పట్టింది. మా ఆఫీసు పత్తి గింజల కొట్టు మీద రెండు గదులు. ముందు గదిలో కూర్చున్న పెద్దమనిషి నా ఆర్డరు చదివి, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి నావైపు చూశారు. ఆయనే మహబూబ్ సాబు గారు. నా పై అధికారి.

"ఏం చదివినావమ్మా?"

"సముద్రం సార్."

"సముద్రమా. ఈడ తాగే నీళ్లకే కాలువ దిక్కు సూస్తాండాం. సరే, కూసో. సముద్రమైనా చెరువైనా చేపకు కావాల్సింది రెండే. గాలి, కూడు. రెండూ యాడ్నుంచి వస్తాయి?"

పరీక్ష పెడుతున్నారని అర్థమైంది. "వెలుతురు నుంచి సార్" అన్నాను.

"బస్. నీకు పని తెలుసు. పోయి టిఫిన్ తిను. ఈడ ఉగ్గాని, బజ్జి తినకుండా ఎవరినీ డ్యూటీలో చేర్చుకోను."

మహబూబ్ సాబు గారిది ఆదోనే. వాళ్ల నాన్న పత్తి మార్కెట్ యార్డులో తూకాలు చూసేవారట. ఆయన ఒకే వాక్యంలో తెలుగు, ఉర్దూ, కన్నడం కలిపి మాట్లాడేవారు. కోపం వస్తే మాత్రం పూర్తిగా తెలుగులోకి వచ్చేసేవారు, అదీ పుస్తకాల తెలుగులోకి. "మీరు దయచేసి బయటికి వెళ్లండి" అన్నారంటే అవతలివాళ్లు పరుగు తీయాల్సిందే. ఫైలు చూస్తే ఆవులించేవారు. చెరువు చూస్తే ప్యాంటు మడిచేవారు. వయసు యాభై దాటినా సముద్రం చూడలేదు. చూడాలన్న తొందర ఉన్నట్టు కూడా అనిపించలేదు. "నువ్వు సూసినావు గదా, సెప్పు" అని నాచేత సముద్రం గురించి చెప్పించుకునేవారు, బస్సులో కిటికీ పక్కన కూర్చుని.

డబ్బాలు

మా కింద ఉన్న చెరువులు ఒకటి చిప్పగిరి వైపు, ఒకటి ఎమ్మిగనూరు వైపు, మరొకటి మంత్రాలయం దారిలో. ఆఫీసుకు బండి లేదు. బస్సెక్కి వెళ్లడం, చెరువులో తెల్లటి పళ్లెం తాడు కట్టి వదలడం, అది ఎంత లోతులో కనబడకుండా పోయిందో రాసుకోవడం, బస్సెక్కి రావడం. నీళ్లలోకి వెలుతురు ఎంత దిగుతోందో చూడటానికి అదొక్కటే మాకున్న సాధనం.

"మనం పోయినప్పుడే చెరువు నిజం సెబుతాదా?" అన్నారు ఒకరోజు సాబు గారు. "పొద్దున మబ్బు పట్టి మధ్యాన్నం ఎండ కాస్తే? మనం వచ్చేసినాక గాలికి బురద లేస్తే? రోజంతా ఆడనే కూసోని సూసే మనిషి కావల్ల. మనిషి దొరకడు. మనిషి లేకుండా సూసేది ఏదన్నా సేద్దాం."

కాలువ ఆఫీసులో నక్షాలు తీసే స్నేహితుడొకరు ఆయనకుండేవారు. నక్షాలకు ఒక పసుపు కాగితం వాడేవారు. ఎండ తగిలితే ఆ పసుపు వెలిసిపోతుంది. తరవాత అమోనియా ఆవిరి పట్టిస్తే ఎండ తగలని చోటు నీలంగా మారుతుంది, తగిలిన చోటు తెల్లగా ఉండిపోతుంది. సాబు గారు ఆ కాగితాలు కొన్ని అడిగి తెచ్చి, తపాలా బిళ్లల్లా కత్తిరించి, ఒకదాని మీద ఒకటి పేర్చి, చిన్న పుస్తకంలా కుట్టారు. దాన్ని మూత గట్టిగా పట్టే గాజు సీసాలో పెట్టి నీళ్లలో వేలాడదీస్తే, రోజంతా పడిన వెలుతురు పై కాగితాల నుంచి కింది కాగితాలకు దిగుతుంది. సాయంత్రం తీసి, ఎన్ని కాగితాలు తెల్లబడ్డాయో చూస్తే ఆ లోతులో ఆ రోజు ఎంత వెలుతురు పడిందో తెలిసిపోతుంది.

ఆదోని బజారులో రేకుల పనివాళ్ల చేత ఖాళీ డాల్డా డబ్బాలు గాలి పోకుండా మూయించాం. పత్తి బేళ్లకు బిగించే ఇనుప పట్టీలు వాటికి చుట్టించాం. డబ్బా కింద తాడు, తాడుకు జానెడు లోతున ఒక సీసా, మోకాటి లోతున ఒకటి, నడుము లోతున ఒకటి, చివర కొట్టుకుపోకుండా రాయి. ఆ పక్కనే చెరువు నీళ్లు నింపిన మరో రెండు సీసాలు. వాటిలో ఒకదానికి నల్లగుడ్డ చుట్టేవాళ్లం. వెలుతురు తగిలే సీసాలో కంటికి కనబడని పచ్చటి నాచు ప్రాణవాయువు తయారుచేస్తుంది. గుడ్డ చుట్టిన సీసాలో ఉన్నది ఖర్చయిపోతుంది. సాయంత్రానికి రెండింటి తేడా చూస్తే ఆ చెరువు ఆ రోజు సంపాదించిందెంత, తిన్నదెంత అన్నది తేలుతుంది. ఈనాటి తేలుయంత్రం వేల మైళ్ల దూరంలో చేస్తున్నదీ ఇంచుమించు ఈ లెక్కే.

వలలకు కట్టే తేలుడు కట్టెను అక్కడి జాలర్లు బెండు అంటారు. మా డబ్బాలు నీళ్ల మీద ఊగుతుంటే చూసి "గోర్మెంటు బెండ్లు" అన్నారు. ఆ పేరే నిలిచింది.

డబ్బా మీద ఏం రాయాలి

ఎమ్మిగనూరు చెరువు మాకు ముఖ్యమైనది. కాలువ నీళ్లతో నిండేది. అక్కడి జాలర్ల సంఘానికి పెద్ద ఉరుకుందప్ప. పొట్టిగా, దిట్టంగా ఉండేవాడు, తక్కువ మాట్లాడేవాడు.

మొదటిసారి బెండ్ల మీద ఎర్ర రంగుతో "ప్రభుత్వ ఆస్తి, ముట్టరాదు" అని రాయించాం. వారం తిరక్కుండా రెండు పోయాయి. ఒకటి బస్టాండు పక్క టీ బంకులో పీటగా కనబడింది. ప్రభుత్వ ఆస్తి అని రాసి ఉంటే లోపల విలువైనదేదో ఉందనుకుంటారని సాబు గారికి తోచింది. రెండోసారి "ఇందులో ఏమీ లేదు" అని రాయించారు. ఈసారి పోలేదు గానీ, నిజంగానే ఏమీ లేదేమో చూడాలని సీసాలన్నీ ఎవరో విప్పారు. కాగితాలన్నీ తెల్లబడి కూర్చున్నాయి.

నేను చాలా నిరుత్సాహపడ్డాను. సాబు గారు గట్టు మీద కూర్చుని పడీపడీ నవ్వారు. ఆ తరవాత ఉరుకుందప్ప ఇంటికి వెళ్లారు, నన్నూ తీసుకుని.

"ఉరుకుందప్పా, చెరువు మీది. చేప మీది. బెండు మాత్రం మాదంటే ఎట్ల? ఇగ మీదట మీరే ఏయండి, మీరే తీయండి. కాగితం మీ ముందరే ఇప్పుతాం. ఏం వచ్చిందో ముందు మీకు సెప్పి, ఆ తర్వాతే మా ఆఫీసుకు సెప్తాం."

ఉరుకుందప్ప కాసేపు ఆలోచించి, "యాడ ఏయల్లనో మేమే సెప్తాం మరి. మీరేసిన చోట గాలికి పక్కకు పోతాండాయి" అన్నాడు.

ఆ రోజు నుంచి ఒక్క బెండు కూడా పోలేదు. పరికరం ఎంత గొప్పదైనా దాన్ని నీళ్లలో వదిలేది ఎవరు అన్నది చిన్న విషయం కాదు. కొలత ఎవరి చేతుల మీదుగా జరుగుతుందో వాళ్లే దాన్ని నమ్ముతారు. ఈ మాట ఎంత నిజమో మాకు త్వరలోనే తెలిసింది.

పచ్చటి నీళ్లు

మేము వెళ్లే నాటికి ఆ చెరువులో చేప సరిగా ఎదిగేది కాదు. నీళ్లు మరీ తేటగా ఉండేవి. నాచు లేకపోతే చేపకు కూడు ఉండదు. సాబు గారు సంఘం వాళ్లకు పేడ, సూపర్ ఫాస్ఫేటు వేయమని సలహా ఇచ్చారు. సరైన సలహానే. ఆ ఏడు నీళ్లు లేత పచ్చగా తిరిగాయి, బొచ్చె చేపలు మోచేయంత పెరిగాయి. ఉరుకుందప్ప పెద్ద బొచ్చెనొకదాన్ని సైకిలు హ్యాండిల్‌కు తగిలించుకుని ఆదోని దాకా తొక్కుకుంటూ వచ్చి సాబు గారి ఇంట్లో ఇచ్చిపోయాడు.

మరుసటి ఏడు ఎరువు పెంచవచ్చా అని సంఘం వాళ్లు అడిగారు. పెంచమన్నారు సాబు గారు. నీళ్లు ముదురు పచ్చగా మారాయి. నడుము లోతు సీసాలో కాగితాలు తెల్లబడటం మానేశాయి. తరవాత మోకాటి లోతులోనూ. నేను ఆ సంగతి చెప్పాను. "పచ్చదనం పెరిగితే వెలుతురు తగ్గకుండా ఎట్ల ఉంటాదమ్మా? చేప చూడు, ఎంత బాగుందో" అన్నారు. ఆయన ఎంత ప్రేమతో ఆ చెరువును చూసేవారంటే, దానిలో తప్పు కనబడేది కాదు. మనకు బాగా నచ్చిన పనిలోనే మన కళ్లు మొద్దుబారతాయి.

మొదటి ముసురు

ఆ ఏడు వానాకాలంలో ముసురు పట్టింది. అటువైపు అంత ముసురు అరుదు. పెద్ద వాన కాదు, సన్నటి జల్లు, రోజంతా చీకటి. పత్తి రైతులు తలలు పట్టుకున్నారు. ఆదోని మిల్లుల ముందు బళ్లు తడుస్తూ నిలబడ్డాయి. సూర్యుడు కనబడక వారం పైనే అయింది.

ఒక ఉదయం ఎమ్మిగనూరు నుంచి వచ్చిన మొదటి బస్సు కండక్టరు మా ఆఫీసు మెట్లెక్కి వచ్చి, "సార్, చెరువంతా తెల్లగుండాది. సేపలు సచ్చినాయంట" అన్నాడు. సాబు గారు చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా అదే బస్సెక్కారు. మందుల పెట్టె, ఖాళీ సీసాలు పట్టుకుని నేనూ ఎక్కాను.

గట్టు మీదికి వెళ్లాక నేను ఆ దృశ్యం నుంచి చూపు తిప్పుకోలేకపోయాను. ఒడ్డు పొడుగునా తెల్లటి పొట్టలు. ఇంకొన్నాళ్లలో వల వేయవలసిన చేపలు. సంఘం వాళ్ల ఆడవాళ్లు నీళ్ల దగ్గర కూర్చుని ఉన్నారు, ఏడవడం లేదు, చూస్తున్నారు. మగవాళ్లు అక్కడ లేరు. అద్దకం వీధికి వెళ్లారు.

చెరువుకు ఎగువన అద్దకం వీధి. మగ్గాలకు నూలు రంగులద్దే కుటుంబాలు అయిదారు ఉండేవి. వాళ్ల రంగు నీళ్లు కాలవగా వచ్చి చెరువు ఒక మూల కలిసేవి. ముసురుకు ఆ కాలవ పొంగి ఆ మూలంతా ఎర్రబడి ఉంది. ఎవరికైనా అదే కళ్లబడుతుంది.

మేం వెళ్లేసరికి ఆ వీధి నిండా జనం. రంగు కాగే పొయ్యిల మీద నీళ్లు కుమ్మరించారు. పొగ, ఆవిరి. మస్తాన్‌బీ అనే పెద్దావిడ, ఆ వీధిలో అందరూ ఆమె మాట వింటారు, గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి ఉంది. మోచేతుల దాకా నీలిరంగు.

"మా తాతల కాన్నుంచి ఈ రంగు ఈ కాలవలోనే పోతాంది" అంటోంది ఆమె. "అప్పుడు సావని సేప ఇప్పుడెందుకు సస్తాది? అడగండి, ఆ సాబును అడగండి."

అప్పటికే తహసీల్దారు గారు వచ్చి ఉన్నారు. ఆయన ఆందోళన ఆయనది. మాట పెరిగి చేతులదాకా వచ్చేలా ఉంది. "సాయంత్రంలోగా కారణం చెప్పండి. అంతవరకు పొయ్యిలు ఆపుతాం. రంగేనని తేలితే ఈ వీధి ఇక్కడ ఉండదు" అని సాబు గారితో అన్నారు.

సాబు గారు "రంగు కాకపోవచ్చు" అన్నారో లేదో, గుంపులోంచి ఒక గొంతు, "ఎందుకనవు సాబూ, వాళ్లు మీవాళ్లే గదా" అంది.

సాబు గారి ముఖంలో కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. ఆయన ఉరుకుందప్ప వైపు తిరిగారు. "నా మాట నమ్మొద్దు. బెండ్లు ఏసింది మీరు. మీరే తీసి తెండి. గట్టు మీద అందరి ముందర ఇప్పుదాం" అన్నారు.

గట్టు మీద

ఉరుకుందప్ప పుట్టి పడవలో వెళ్లి బెండ్లన్నీ తెచ్చాడు. నేను అతనికి ఖాళీ సీసాలిచ్చి నీళ్లు నాలుగు చోట్ల నుంచి పట్టి తెమ్మన్నాను. రంగు మూల నుంచి, చెరువు నడుమ నుంచి, రంగు ఛాయ కూడా చేరని దిగువ చివర నుంచి, చెరువును నింపే పై కాలువ నుంచి. ఏ సీసా ఎక్కడిదో నేను రాయలేదు, అతనే గుర్తులు పెట్టుకున్నాడు.

నీళ్లలో ప్రాణవాయువు ఉందో లేదో చూసే పద్ధతి సులువు. రెండు మందులు కొద్దికొద్దిగా పోసి కలిపితే అడుగున మడ్డి దిగుతుంది. వాయువు బాగా ఉంటే మడ్డి కాఫీ రంగు. లేకపోతే తెలుపు. చుట్టూ నిలబడ్డ వాళ్లకు ఇది ముందే చెప్పాను. సీసాలు అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకున్నాను.

కాలువ నీళ్లలో కాఫీ రంగు మడ్డి దిగింది. చెరువు నడుమ నీళ్లలో సున్నంలా తెల్లగా దిగింది. రంగు మూల నీళ్లలో తెలుపు. దిగువ చివరి నీళ్లలోనూ తెలుపే.

"ఈ సీసా యాడిది ఉరుకుందప్పా?" అన్నారు సాబు గారు.

"కింది తూము కాడిది. రంగు ఆడికి రాదు."

"పొద్దున నువ్వు ముందుగా ఏం సూసినావు?"

ఉరుకుందప్ప నెమ్మదిగా చెప్పాడు. "ఎలుగు రాకముందు సేపలన్నీ పైకొచ్చినాయి. నోళ్లు తెర్సుకోని గుటకలేస్తాండాయి. చెరువంతా. ఆ పొద్దుకి ఇంకా బతికే ఉండాయి."

సాబు గారు కాగితపు పుస్తకాలు విప్పించి, అమోనియా ఆవిరి పట్టించి, సంఘం దగ్గర దాచిన ఎండ రోజుల కాగితాలు పక్కన పెట్టి చూపించారు. ముసురు రోజుల్లో జానెడు లోతు సీసాలో కూడా పై కాగితాలే తెల్లబడ్డాయి. మిగిలినదంతా నీలం. ఆ పచ్చటి నీళ్లలో చీకటి. నాచుకు వెలుతురు లేక వాయువు తయారు చేయలేదు, ఉన్నది అదే పీల్చేసుకుంది, చచ్చిన నాచు కుళ్లుతూ మిగిలింది కూడా లాగేసింది. చేపకు ఊపిరి ఆడలేదు.

ఇంతవరకు ఆయన శాస్త్రం చెప్పారు. ఇక్కడ ఆపి ఉంటే సరిపోయేది. ముసురు, దేవుడి పని, ఎవరి తప్పూ లేదు అని రాసి మేం ఇంటికి పోవచ్చు. ఆయన ఆపలేదు. గట్టు మీద ఒక రాయెక్కి నిలబడ్డారు.

"నీళ్లు ఇంత పచ్చగ ఎందుకైనాయి? ఎరువు ఎక్కువైంది. ఎక్కువ ఎవరు ఏయమన్నారు? నేను. ఈ అమ్మ వెలుతురు తగ్గుతాందని నాకు సెప్పింది. నేను ఇనలేదు. తప్పు రంగుది గాదు, మీది గాదు. నాది."

జల్లు పడుతూనే ఉంది. ఉరుకుందప్ప మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

"సాబూ, నువ్వు సెప్పకుంటే మాకు తెల్సేది గాదు" అన్నాడు చివరికి.

"తెల్సేది గాదు. అది నాకూ తెల్సు."

"మరెందుకు సెప్పినావు?"

"ఆడ పొయ్యిలు ఆరిపోయినాయి గదప్పా."

ఉరుకుందప్ప లేచి, గట్టు దిగి అద్దకం వీధి వైపు నడిచాడు. అతని వెనక మరికొందరు. ఏం జరుగుతుందోనని మేమూ వెళ్లాం. అతను మస్తాన్‌బీ ఇంటి ముందు తడిసిన పొయ్యిలోంచి బూడిద తీసి అవతల పోస్తున్నాడు. మస్తాన్‌బీ చూస్తూ నిలబడింది. కాసేపటికి లోపలికి వెళ్లి ఎండు కట్టెలు తెచ్చి అతని పక్కన పడేసింది.

నేను నివేదికలో ఇంకొకటి కూడా రాశాను. అది రాయడం ఎవరికీ ఇష్టం లేదు. రంగు నీళ్లు చేపల్ని చంపలేదు గానీ, ఆ ఎర్ర మూలలో వేసిన బెండు ఎండ రోజుల్లో కూడా వెలుతురు చూడలేదు. అక్కడి సీసాల్లో ఎన్నడూ వాయువు తయారు కాలేదు. ఆ మూల ముందే చచ్చిపోయి ఉంది. మస్తాన్‌బీకి ఈ మాట నేనే వెళ్లి చెప్పాను. "పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి సెప్తాండావేమ్మా" అని విసుక్కుంది. ఆ చలికాలంలోగా వీధి వాళ్లంతా కలిసి పెద్ద గుంత తవ్వి రంగు నీళ్లు అందులోకి మళ్లించారు. ఒక పక్షం వాళ్లకు మేలు చేసే నిజం చెప్పగానే పని అయిపోదు. మిగతా సగం కూడా చెప్పాలి, తిట్లు పడినా సరే.

బదిలీ

పైవాళ్లకు సాబు గారి ఒప్పుకోలు నచ్చలేదు. ఆఫీసు తప్పును గట్టు మీద నిలబడి చెప్పడం వాళ్లకు కొత్త. ఆయన్ని దూరపు జిల్లాకు, ఒక సముద్రపు రేవుకు వేశారు. ఆర్డరు చదివి ఆయన చాలాసేపు నవ్వారు.

"సూసినావా అమ్మా, నువ్వడిగిన సముద్రం నాకిచ్చినారు. నాకు కావాల్సిన చెరువు నీకిచ్చినారు."

స్టేషన్లో ఆయన భార్య కళ్లొత్తుకుంటుంటే, ఆయన నాతో బెండ్ల తాళ్లు వానకు ముందే మార్చమని, రేకుల వాళ్ల దగ్గర అతుకులు చూసుకోమని చెబుతూ ఉన్నారు. రైలు కదిలాక కూడా కిటికీలోంచి ఏదో చెబుతూనే ఉన్నారు. నాకు వినబడలేదు. నేను తల ఊపాను.

నా కింద పనిచేసే వాళ్ల ముందు నా తప్పు ఒప్పుకోవలసిన సందర్భాలు ఆ తరవాత నాకూ వచ్చాయి. ప్రతిసారీ ఆ రాయి మీద నిలబడ్డ మనిషే గుర్తొచ్చేవారు. ఆయన తప్పు చిన్నది కాదు. ఒక సంఘం ఏడాది కష్టాన్ని మింగింది. ఆయన ఒప్పుకోవడం వల్ల చేపలు తిరిగి రాలేదు. కానీ ఆ ఊళ్లో రెండు వీధులు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ బతకగలిగాయి.

రెండో ముసురు

ఎరువు తగ్గించాం. అయినా పాత పచ్చదనం ఒక్క ఏడాదిలో పోదు. మరుసటి వానాకాలంలో మళ్లీ ముసురు మొదలైంది. రోజూ మధ్యాహ్నం బస్సుకు ఎమ్మిగనూరు వెళ్లేదాన్ని. సాయంత్రం ఉరుకుందప్ప బెండ్లు తీసేవాడు, ఇద్దరం కాగితాలు చూసేవాళ్లం. రోజురోజుకీ తెల్ల కాగితాలు తగ్గుతున్నాయి. ఒక సాయంత్రం దాదాపు అంతా నీలమే.

"రేపు పొద్దున" అన్నాను.

"అనుకుంటాండా" అన్నాడు ఉరుకుందప్ప. "నువ్వు ఆదోనికి పోవద్దు. మా ఇంట్లోనే ఉండు."

అతను ఆ సాయంత్రమే కాలువ గేట్లు చూసే లస్కరుతో మాట్లాడి, చెరువులోకి నీళ్లొచ్చే కాలువ తూము ఎత్తించాడు. చుట్టుపక్కల రైతుల దగ్గర రెండు డీజిలు ఇంజన్లు అడిగి తెప్పించి గట్టుకు బిగించాడు. చెరువు నీళ్లే పైకి లాగి, మళ్లీ చెరువులోకే ఎత్తునుంచి చిమ్మితే గాలి కలుస్తుంది.

తెల్లవారుతుండగా గట్టెక్కాం. చేపలు పైకి వచ్చేశాయి. చెరువు నిండా చిన్న చిన్న నోళ్లు తెరుచుకుని, మూసుకుంటూ. ఇంజన్లు మొదలుపెట్టారు. ఒకటి పట్టింది, రెండోది దగ్గి ఆగిపోయింది. నీళ్లు కొట్టడానికి సంఘం వాళ్లు దిగారు. ఆడా మగా నడుము లోతు నీళ్లలో చేతులతో, బుట్టలతో, చిరిగిన చాపలతో నీళ్లు ఎగజల్లుతున్నారు. చెరువు పెద్దది. మనుషులు చాలరు. అది నాకు కనబడుతూనే ఉంది.

అప్పుడు ఎగువ గట్టు మీద మస్తాన్‌బీ కనబడింది. వెనక అద్దకం వీధి మొత్తం. రంగు బానల్లో నూలు తిప్పే పొడవాటి కర్రలు భుజాల మీద. ఆమె నా దగ్గరికొచ్చి, "యాడ కొట్టల్ల?" అంది.

"ఎక్కడ చేపలు ఎక్కువగా ఉంటే అక్కడ" అన్నాను.

ఆమె చీర ఎగదోపుకుని దిగింది. నీలం, ఎరుపు, పసుపు చేతులు నీళ్లను కర్రలతో బాదుతుంటే నీళ్లు తెల్లగా లేచాయి. రెండో ఇంజను పట్టింది. కాలువ తూము దగ్గర కొత్త నీళ్లు పడుతున్న చోటికి చేపలు గుంపుగా తిరగడం ఉరుకుందప్ప చూసి, చెయ్యెత్తి నాకు చూపించాడు. నేను ఆ నీళ్లు సీసాలో పట్టి మందు పోశాను. లేత గోధుమ రంగు మడ్డి. మరీ ఎక్కువ కాదు. ఊపిరికి చాలు.

కొన్ని చచ్చాయి. ఎక్కువ బతికాయి. పొద్దెక్కాక మబ్బు ఒక పక్క విరిగింది. అందరూ గట్టు మీద తడిసి కూలబడి ఉన్నారు, ఎవరిది ఏ వీధో తెలియకుండా. ఎవరో ఒక బిందెతో టీ తెచ్చారు.

నేను అట్లాగే తడి చీరతో పోస్టాఫీసుకు వెళ్లి ట్రంకాల్ బుక్ చేశాను. లైను దొరకడానికి చాలాసేపు పట్టింది. చివరికి అవతల సాబు గారి గొంతు, వెనక ఏదో హోరు. సముద్రమో, లైనో తెలియలేదు.

"సార్, ముసురు పట్టింది. చేపలు పైకొచ్చాయి" అన్నాను.

ఆయన అడిగేలోగా నేనే చెప్పేశాను.

"బతికాయి సార్. చాలావరకు బతికాయి."

"ఎవరెవరు వచ్చినారు?" అన్నారాయన.

చెప్పాను. ఉరుకుందప్ప తూము ఎత్తించడం, ఇంజన్లు, నీళ్లు కొట్టడం. అద్దకం వీధి అంతా దిగిందని చెప్పాను. అవతల ముక్కు ఎగబీల్చిన శబ్దం వినబడింది. మూడు నిమిషాలు అయిపోయాయని మధ్యలో ఆపరేటరు అంది.

"ఇంకో మూడు నిమిషాలు ఇయ్యమ్మా తల్లీ" అన్నారు సాబు గారు ఆమెతో. తరవాత నాతో, "ఇప్పుడు నిదానంగా సెప్పు. మొదట్నుంచి సెప్పు. పొద్దున నువ్వు గట్టెక్కినప్పటి నుంచి" అన్నారు.

నేను తడి కొంగు పిండుకుని, మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టాను.